ఐదంగల నేల

మొన్న పక్కింటి పాప లెక్కల పుస్తకం పట్టుకొని మా వరండాలోకి వచ్చింది. ఒక వాక్యం కింద వేలు పెట్టి, "అమ్మమ్మా, ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానమంట. ఇది అందరికీ తెలిసిందే కదా, దీన్ని కూడా పుస్తకంలో రాయాలా?" అని అడిగింది. నేను నవ్వాను. ఆ పిల్ల కాసేపు నా మొహం చూసి వెళ్ళిపోయింది. ఆ ఒక్క వాక్యం మా ఇంట్లో ఏం చేసిందో చెప్పాలంటే ఒక పూట చాలదు. పైగా ఇన్నేళ్ళలో ఎవరికీ మొదటినుంచి చివరిదాకా చెప్పింది లేదు.

మా ఊరు కోడుమూరుకు రెండు మైళ్ళు. ఒక పక్క నల్లరేగడి, ఒక పక్క ఎర్ర గరుసు నేల. హైస్కూలు కోడుమూరులో ఉండేది. మా ఊరినుంచి ఆ బడికి పోయే ఆడపిల్లలం ఇద్దరమే. ఒకతిని నేను, రెండోది మా చిన్నాయన కూతురు. నాకంటే మూడు నెలలు చిన్న కాబట్టి నాకు చెల్లెలు. మమ్మల్ని బడికి పంపాలని పట్టుబట్టింది మా జేజి, అంటే మా నాయనను కన్నతల్లి. ఆమెకు అక్షరం రాదు. "ఇద్దరూ జతగా పోతే పొండి. ఒక్కదాన్ని పంపే మాటే లేదు. ఒకతికి జరమొస్తే రెండోది గూడా ఇంటికాడే" అని మొదటిరోజే చెప్పేసింది. అందుకని మా చెల్లెలు తుమ్మితే నేను దేవుడికి మొక్కేదాన్ని.

పొద్దున్నే జేజి కట్టిచ్చిన రొట్టెల మూటతో బయలుదేరేవాళ్ళం. జొన్నరొట్టెలు, వాటి మధ్య రోట్లో నూరిన ఊరిబిండి పచ్చడి ముద్ద, ఒక పచ్చి ఉల్లిగడ్డ. నూనె గుడ్డకంతా ఊరి, ఆ వాసన సగం దారిలోనే మమ్మల్ని నిలబెట్టేది. వంక దాటగానే కూర్చొని సగం తినేసేవాళ్ళం. మిగిలిన సగం మధ్యాహ్నానికి చాలేది కాదు. సాయంత్రం వచ్చేటప్పుడు ఆకలితో రేగుచెట్ల మీద పడేవాళ్ళం. ముళ్ళకు చిరిగిన పావడాలను జేజి మా అమ్మలకు తెలియకుండా కుట్టిపెట్టేది.

మేం నాలుగో ఫారంలోకి, అంటే ఇప్పటి తొమ్మిదో తరగతిలోకి, వచ్చిన ఏడు కొత్త లెక్కల సారు వచ్చాడు. కడప దగ్గర ఏదో పల్లె ఆయనది. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. మోచేతుల దగ్గర అతుకులు వేసిన నల్లకోటు ఎండాకాలంలో కూడా విప్పేవాడు కాదు. ఊరి చివర చర్చి పక్కన గదిలో ఒంటరిగా ఉండేవాడు. వాళ్ళ నాయన పొద్దంతా కూలికి పోయి, ఆదివారం చర్చిలో గంట కొట్టేవాడట. ఆ మాట ఆయనే క్లాసులో చెప్పాడు, ఏ సంకోచమూ లేకుండా.

రేఖాగణితం మొదలుపెట్టిన రోజు ఆయన నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలతో రాశాడు: ఒకే వస్తువునకు సమానములైన వస్తువులు ఒకదానికొకటి సమానములు. మా చేత పదిసార్లు అనిపించాడు. మా క్లాసు కప్పు బండలది. వేడికి లోపల ఉడికిపోతూ, ముప్పైమందిమి ఎక్కాలు చదివినట్టు రాగం తీశాం.

తర్వాత ఆయన మా చెల్లెలి దగ్గరికి వచ్చి, "నీ జడ రిబ్బను ఒకసారి ఇయ్యమ్మా" అన్నాడు. అది సిగ్గుపడుతూ విప్పి ఇచ్చింది. ఆయన రిబ్బనుతో ముందు బెంచీని కొలిచాడు. తర్వాత కిటికీ దగ్గరికి పోయి దాని పొడుగు కొలిచాడు. రెంటికీ రిబ్బను సరిగ్గా సరిపోయింది.

"కిటికీ బెంచీకాడికి పోయిందా?"

"లేద్ సార్."

"బెంచీ కిటికీకాడికి వచ్చిందా?"

"లేద్ సార్."

"మరి రెండూ ఒకటే పొడుగని మీకెట్ల తెలిసింది?"

నేను ఆ రిబ్బనువైపే చూస్తున్నాను. ఎప్పుడూ ఒకదాన్నొకటి చూడని రెండు వస్తువుల సంగతి ఒక రిబ్బను వచ్చి చెప్పింది. ఆ సంగతి అంతకు ముందు నాకు తెలియదని కాదు. అది వింత అని తెలియదు.

నేను లేచి, "ఎందుకు సార్ అట్ల?" అన్నాను.

మగపిల్లలు నవ్వారు. ఆడపిల్ల లేచి ప్రశ్న అడగడమే అప్పట్లో నవ్వే విషయం. సారు నవ్వలేదు. "ఇది స్వయంసిద్ధం. అంటే తనంతట తానే నిజమని. దీన్ని ఎందుకని అడగడానికి లేదు" అని కొంచెంసేపు సుద్దముక్కను వేళ్ళ మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. "అడగడానికి లేదు గానీ, యాడన్నా ఇది తప్పిందని చూపియ్యి. చూపిస్తే నా పుస్తకంలో నీ చేతనే కొట్టేయిస్తా."

ఆ మాట నాకూ మా చెల్లెలికీ పిచ్చి పట్టించింది. ఆ వాక్యం తప్పే చోటు కోసం మేం ఊరంతా వెతికాం. పుల్లతో దూడల తోకలు కొలిచాం. ఒక దూడ తన్నింది కూడా. చిన్నమ్మ ఎండబెట్టిన అప్పడాలను గాజుతో కొలిచి, సమానం కానివాటిని తినేశాం. అది పరీక్షలో భాగమని మా వాదన. చిన్నమ్మ ఒప్పుకోలేదు, వీపులు రెండూ సమానంగానే వాయించింది.

జేజి సంగటి ముద్దలు చేసేటప్పుడు పక్కన కూర్చునేదాన్ని. ఆమె తడి చేత్తో గిన్నెలో సంగటి వేసి గుండ్రంగా ఊపి విస్తర్లో పడేసేది. అన్నీ ఒకే గిన్నెలో తయారయినవే కాబట్టి అన్నీ ఒకటే కొలత అని నేను చెప్పాను. జేజి నావైపు చూసి, "సమానమే. మీ నాయనకు గట్టిగా అదిమి ఏస్తా, నీకు వదులుగా ఏస్తా. గిన్నె ఒకటే గానీ చెయ్యి ఒకటా?" అంది. నాకది హాస్యంగా తోచింది. పుస్తకంలో చెయ్యి గురించి ఏమీ లేదు కదా అనుకున్నాను.

ఆ ఎండాకాలానికి మా నాయన, చిన్నాయన వేరుపడి ఉన్నారు. తాత పోయి ఏడాది దాటింది. ఇంటికి నడుమ గోడ లేచింది. గొడ్లను పంచుకున్నారు. జేజి మా నాయన వైపు ఉండేట్టు తీర్మానమయింది. ఇంక మిగిలింది చేను. తూర్పు పడమరలుగా పరుచుకున్న ఒకటే చేను మాది. కరణాన్ని పిలుద్దామంటే జేజి ఒప్పుకోలేదు. "నా కడుపున బుట్టినోళ్ళకు పంచనీకి ఊరోళ్ళెందుకు? నేనే పంచుతా" అని బావి చాంతాడు తెప్పించింది. కిత్తనారతో పేనిన తాడు, ఎనిమిది బారల పొడుగు. కలబందలాంటి కిత్త ఆకులను గుంటలో కుళ్ళబెట్టి తీసిన ఆ నారకు ఒక మురుగు వాసన ఉండేది. ఎన్నాళ్ళు వాడినా ఆ వాసన పోదు.

పంపకం రోజు మేమిద్దరం అక్కడే ఉన్నాం. "చిన్నోనిది ముందు" అంది జేజి. పొద్దున్నే పడమటి గట్టునుంచి ఐదు తాళ్ళు కొలిచి చిన్నాయనకు హద్దురాయి పాతారు. లెక్క పైకి చెప్పింది మేమే. అంతలో ఎండ ముదిరింది. తుమ్మచెట్టు కింద అందరూ సంగటి, చింతపండు పులుసు తిని ఒక కునుకు తీశారు. తాడు పక్కన ఎండలో బండ మీద పడి ఉంది. పొద్దు కొంచెం వాలాక తూర్పు గట్టునుంచి ఐదు తాళ్ళు కొలిచి మా నాయనకు రాయి పాతారు. నడుమ మిగిలిన సన్నటి ముక్క ఇద్దరి బండ్లకూ దారి. ఒక మాటా లేదు, ఒక గొడవా లేదు. అన్నదమ్ములిద్దరూ ఒకే బండిలో ఇంటికి వచ్చారు.

ఆ సంగతి మళ్ళీ గుర్తుచేసింది మా చెల్లెలు. ఒక ఆదివారం చేనులో మేకపిల్లలను మళ్ళేస్తూ, "అక్కా, ఈ రెండు సగాలు గూడా ఒకే తాడుకు సమానం గదా. కొలుద్దామా?" అంది. తాడు లేదు కాబట్టి అంగలతో కొలుద్దామనుకున్నాం. ఒకరి అంగలు ఎక్కువ తక్కువ కాకుండా రెండు సగాలూ తనే నడవాలి, నేను లెక్కపెట్టాలి. పడమటి సగం నూటముప్పై ఆరు అంగలు. తూర్పు సగం నూటనలభై ఒకటి. నమ్మలేక నేను నడిచాను, తను లెక్కపెట్టింది. నా కాళ్ళకూ ఐదంగలే తేడా వచ్చింది.

ఒకరినొకరం పట్టుకొని చేనులో ఎగిరాం. మేకపిల్లలు బెదిరి పారిపోయాయి. చెబితే ఎవరూ నమ్మరు గాని, అది మా నాయనల నేల అనీ, ఎక్కువ వచ్చింది మా వైపనీ, తక్కువ వచ్చింది వాళ్ళ వైపనీ మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. మాకు కనబడిందల్లా సారు పుస్తకంలో మా చేత్తో కొట్టేయబోయే వాక్యం.

సోమవారం సారు క్లాసులోకి అడుగుపెట్టకముందే గుమ్మంలో పట్టుకున్నాం. "తప్పింది సార్! రెండూ ఐదేసి తాళ్ళే. కానీ ఒకటి పెద్దది, ఒకటి చిన్నది."

ఆయన మొదట సంతోషపడ్డాడు. నిజంగానే, చిన్నపిల్లాడిలా. ఏ తాడు, ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని వరసగా అడిగాడు. అడిగేకొద్దీ ఆయన ముఖం మారిపోయింది.

"ఎవరి చేను?"

"మాదే సార్. మా ఇద్దరిదీ."

"ఈ మాట ఇంట్లో చెప్పినారా?"

నేను లేదన్నాను. చెల్లెలు తల వంచుకొని, "రాత్రి మా నాయనకు చెప్పినా సార్. మేం పుస్తకాన్ని ఓడించినాం అని చెప్పినా" అంది.

సారు క్లాసులోకి పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పుస్తకంలో 'ఒకే వస్తువు' అని ఉండాది. మీ తాడు రెండు తూర్లూ ఒకటేనా, చూసుకున్నారా?" అన్నాడు.

సాయంత్రం మేం ఇల్లు చేరేసరికి చిన్నాయన మా వాకిట్లో నిలబడి ఉన్నాడు. చేను మీదినుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ళకు ఎర్రమట్టి ఉంది. ఎప్పుడూ మమ్మల్ని చూడగానే ఏదో ఒక కొంటె మాట అనే మనిషి, ఆ రోజు చూడనట్టే ఉన్నాడు.

"నడిచి చూసొచ్చినాన్నా. ఐదు కాదు, నా అంగకు నాలుగు. చిన్నపిల్లోల్లు కనిపెడితే గానీ నాకు తెలియలే" అన్నాడు.

నాయన నులకమంచం మీదినుంచి లేచాడు. "తాడు ఒకటే గదప్పా. నువ్వే గదా ఒక కొస పట్టుకునింది."

"పట్టుకున్నా. అదే నాకు అర్థం గావడంలే. ఏం జేసినావో నువ్వే చెప్పు."

"నేను జేసినానా? మా నాయన సాక్షిగా చెప్తాండా, నాకు ఒక అంగుళం తేడా ఉన్నట్టు గూడా తెలియదు."

"చచ్చినోన్ని సాక్షికి పిలవొద్దు" అన్నాడు చిన్నాయన.

ఆ మాటతో అమ్మ పొయ్యి దగ్గర కట్టె పట్టుకొని అట్లాగే నిలబడింది. జేజి ఒక మూల మజ్జిగ చిలుకుతోంది. కవ్వం ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది. చిన్నాయన చెల్లెలి రెక్క పట్టుకొని, "రేపట్నుంచి దీనికి బడి లేదు. పెద్దమనుషులను పిలుస్తా" అని నడుమ గోడకు అవతలికి వెళ్ళిపోయాడు.

చెల్లెలికి బడి లేదంటే నాకూ లేదు. మర్నాడు ఇంట్లోనే ఉన్నాను. ఆ మర్నాడూ అంతే. గోడ అవతల చెల్లెలు దగ్గడం వినిపించేది. మామూలుగానైతే గోడ మీద రాయితో తట్టి పిలుచుకునేవాళ్ళం. నేను రెండుసార్లు తట్టాను. అటునుంచి బదులు లేదు. నాయన ఎవరితోనూ మాట్లాడలేదు. తిన్నట్టు కూర్చొని లేచిపోయేవాడు. నాకు భయం వేసింది, ఏడుపూ వచ్చింది. వాటి కింద ఇంకొకటి పురుగులా తొలుస్తూనే ఉంది. తాడు రెండు తూర్లూ ఒకటేనా అన్న సారు ప్రశ్న.

ఒకటే. ఆ తాడును నేను పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. దాని మధ్యలో ఒక అతుకు ముడి ఉంది. ఆ ముడి ఇంకో తాడుకు లేదు. ఒకటే తాడు ఒక పూట పొట్టిదై ఇంకో పూట పొడుగ్గా ఎట్లా మారుతుంది? పొద్దున్నే బావి దగ్గరికి పోయి చూశాను. అమ్మ నీళ్ళు తోడుతోంది. తడిసిన తాడు బిగుసుకొని, గరుకుగా, లావుగా ఉంది. చేతికి తగిలిన ఆ లావే నాకు దారి చూపింది. లావైతే ఆ లావు ఎక్కడినుంచి వచ్చింది?

గొడ్ల పాకలో పాత కిత్తనార తాడు ముక్క ఒకటి దొరికింది. దాని కొసకు చిన్న రాయి కట్టి దూలానికి వేలాడదీశాను. రాయి అడుగు ఎక్కడికి వచ్చిందో గోడ మీద బొగ్గుతో గీత గీశాను. తర్వాత తాడును విప్పి కుడితి తొట్టిలో నానేసి, మధ్యాహ్నం మళ్ళీ కట్టాను. రాయి గీతకు నాలుగు వేళ్ళు పైన ఆగింది. ఎండలో ఆరబెట్టి సాయంత్రం కట్టాను. మెల్లగా గీత దాకా దిగివచ్చింది. మళ్ళీ తడిపాను. మళ్ళీ లేచింది. నాకు ఆ ఆనందంలో ఇంటి గొడవంతా మరుపున పడింది. చీకటి పడుతుండగా వెనక ఎవరో ఉన్నట్టనిపించి చూస్తే జేజి. గోడ మీది బొగ్గు గీతలను చూస్తోంది.

"కనుక్కున్నావా మ్మే?" అంది.

"జేజీ, ఆ పొద్దు తాడు తడిగా ఉన్నిందా?" అన్నాను.

"ముందురోజే తొట్లో నానేసినా."

"నాయనకు తెలుసా?"

"వానికేం తెలుసు? వానికి తెలిస్తే ఊరుకుంటాడా?" ఆమె గడ్డిమోపు మీద కూర్చుంది. కాళ్ళు చాపుకొని మోకాళ్ళు రుద్దుకుంటూ మెల్లగా చెప్పింది. "పడమటిది రేగడి. ఒక్క వాన పడినా రెండు నెలలు చెమ్మ పట్టుకుంటాది. తూర్పుది గరుసు, పొద్దున పడిన నీళ్ళు సాయంత్రానికి ఉండవు. చిన్నోనికి నల్లది పోయింది, పెద్దోనికి ఎర్రది వచ్చింది. మీ నాయన నోరు తెరిచి అడగడు, మీ చిన్నాయన అడిగినా ఇయ్యడు. ఐదు తాళ్ళకు ఐదు తాళ్ళంటే మటుకు ఇద్దరూ తలకాయ ఊపుతారు. అందుకని తాడునే అడిగినా."

"మరి చిన్నాయనతో చెప్పకుండా..."

"చెప్పకుండా చేసినా గదా, తప్పే. కన్నతల్లి చేసినా తప్పు తప్పే" అంది జేజి. లేచి, నా తల మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పొద్దు. నేనే చెప్తా" అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున ఇద్దరు కొడుకులనూ వాకిట్లో నిలబెట్టి చెప్పింది. నన్ను పక్కకు పొమ్మనలేదు. చిన్నాయన మొత్తం విని, "నన్ను మోసం జేసినావా అమ్మా?" అని ఒక్కటే మాట అడిగాడు. జేజి "చేసినాను నాయనా" అంది. ఆయనకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాయనకు వచ్చింది ఏడుపు కాదు, కోపం. ఆయన చచ్చిపోయిన తండ్రి మీద ఒట్టు పెట్టి ఉన్నాడు. "నాకు దొంగ సొత్తు కట్టబెట్టినావు" అని గడ్డపార భుజాన వేసుకొని చేనుకు పోయి, తన హద్దురాయిని తానే పెరికి, తూర్పుకు తన అంగతో నాలుగంగలు, అంటే మా ఐదు, జరిపి పాతాడు.

ఆ ఆదివారం చర్చి అయిపోయాక సారు సైకిలు మీద మా ఊరు వచ్చాడు. మేం బడికి రావడం లేదని అడగడానికి వచ్చాడు. కోటు అట్లాగే ఉంది, దుమ్ముకు తెల్లబడింది. మా అరుగు మీద కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. జేజి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఆయన పెదవులకు తగలకుండా ఎత్తి పోసుకొని తాగాడు. ఆయన వెళ్ళిపోయాక జేజి ఆ చెంబును బూడిదతో మామూలుకంటే ఎక్కువసేపు తోమింది. నేను చూశాను. సమానాల గురించి అంత తెలిసిన మనిషి అట్లా ఎందుకు చేసిందో ఆ రోజు అడగలేదు.

చిన్నాయన కూడా అరుగు దగ్గరికి వచ్చాడు. సారు అన్నదమ్ములిద్దరినీ చూసి, "తప్పు నాదప్పా. తప్పు వెతకమని పిల్లోల్లను తరిమింది నేనే. కావాలంటే నన్ను తిట్టండి, బడి మటుకు మానిపించొద్దండి. వీళ్ళిద్దరూ అడిగినట్ల మా క్లాసులో ఎవరూ అడగరు" అన్నాడు.

చిన్నాయన నేల చూస్తూ, "సార్, నువ్వు మా ఆడబిడ్డలకు కొలతలు నేర్పినావు. వాళ్ళు మా కొంపనే కొలిచినారు" అన్నాడు. ఎవరు ముందు నవ్వారో తెలియదు. చిన్నమ్మ అనుకుంటాను, గోడ అవతలినుంచి. నాయన నవ్వలేదు.

"పోనీ, తడిసినా ఎండినా మారనిదాంతో కొలిచిపోతావా సార్?" అని అడిగాడు చిన్నాయన.

ఆ సాయంత్రం సారు ఒక పొడుగాటి వెదురుగడతో రెండు సగాలూ కొలిచాడు. చెల్లెలు ఒకవైపు, నేను ఒకవైపు నిలబడి లెక్క చెప్పాం. వారం తర్వాత మా ఇద్దరి గొంతులూ కలవడం అదే. నాయన జరిపిన రాయి దాకా సరిగ్గా సరిపోయింది. కానీ పాత గుంటకూ కొత్త రాయికీ మధ్య ఆ ఐదంగల నేల మిగిలిపోయింది. సగం సగం పంచుకోమన్నాడు సారు. "నాకొద్దు, అది నాది గాదు" అన్నాడు నాయన. "అమ్మ అన్నకని ఇచ్చింది. నాకు మనసొప్పి ఇయ్యనిది నాకేమిటికి?" అన్నాడు చిన్నాయన. సారు వెదురుగడను చేతిలో పట్టుకొని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆయన పుస్తకంలో దానికి వాక్యం లేదు.

మేం సోమవారంనుంచి మళ్ళీ బడికి పోయాం. వాక్యాన్ని కొట్టేయాల్సిన పని పడలేదు. సారు మా చేత దాని పక్కన పెన్సిలుతో ఒక్క మాట రాయించాడు: వస్తువు మారకుండా ఉండవలెను.

అన్నదమ్ములు మాత్రం మాట్లాడుకోలేదు. వానలొచ్చాయి. విత్తేటప్పుడు నాయన గొర్రు తన రాయి దగ్గరే వెనక్కి మళ్ళేది, చిన్నాయన గొర్రు తన రాయి దగ్గర. బండ్ల దారి పక్కన ఆ ఐదంగలు బీడు పడి, పల్లేరు లేచింది. జేజి కొన్నాళ్ళు చూసింది. ఒకరోజు తనే ఒక కొయ్యతో గుంటలు తీసి ఆముదాలు విత్తింది. మేం బడినుంచి వచ్చి నీళ్ళు మోసేవాళ్ళం. ఆముదం చెట్లు గరుసులో కూడా బాగా వచ్చాయి. కాయలు కొట్టి, గింజలు వేయించి, కుండలో ఉడికించి జేజి తీసిన నూనె వాసన గోడకు రెండు వైపులా కమ్ముకునేది. సగం నూనె చిన్నాయన ఇంటికి నా చేత పంపేది. చిన్నమ్మ తీసుకునేది, చిన్నాయన చూడనట్టు ఉండేవాడు.

మూడో ఏడు, మేం స్కూలు ఫైనలుకు చదువుతుండగా, జేజి పోయింది. ఉన్నట్టుండి, రెండు రోజుల జ్వరంతో. అప్పటికి సారు కూడా బదిలీ మీద వెళ్ళిపోయాడు. ఎక్కడికో సరిగ్గా తెలియదు.

ఆ ఏడు మొదటి వాన పదునుకు విత్తనాలు వేసే రోజు మేమిద్దరం చేనులోనే ఉన్నాం. చిన్నాయన గొర్రు తోలుతూ వచ్చి బండ్ల దారి దగ్గర ఎద్దులను నిలిపాడు. అవతల నాయన కూడా తన చాలు ముగించి నిలిచాడు. మధ్యలో జేజి ముక్క, పాత ఆముదపు మోళ్ళతో ఉంది. ఇద్దరూ దానివైపు చూశారు.

"ఏం జేద్దామన్నా?" అన్నాడు చిన్నాయన. మూడేళ్ళలో ఆయన మా నాయనతో అన్న మొదటి మాట అది.

నాయన ఒంగి ఒక మోడును పెరికి, మన్ను దులిపి గట్టు మీద వేశాడు. "అమ్మది గదప్పా. ఆమె ఏసిందే ఏద్దాం" అన్నాడు.

చిన్నాయన ఎద్దులను విడిచిపెట్టి వచ్చాడు. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు ఒంగి మోళ్ళు పీకుతుంటే, చెల్లెలు, నేను వెనక ఆముదాలు వేసుకుంటూ వెళ్ళాం. వాళ్ళు ఏవో మాట్లాడుకున్నారు. గొర్రు పళ్ళ గురించి, ఒక ఎద్దు కుంటుతున్న సంగతి గురించి. నాయన తన తండ్రి పేరు ఎత్తలేదు, చిన్నాయన తాడు మాట ఎత్తలేదు.

ఆ చేను ఇప్పుడు మాది కాదు. కొన్నవాళ్ళు ఏం పండిస్తున్నారో కూడా నాకు తెలియదు. చెల్లెలు, నేను ఇద్దరం కర్నూలులోనే చెరొక బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాం. కలిసినప్పుడల్లా ఒక విషయం మీద ఇప్పటికీ వాదించుకుంటాం. తాడు తడిస్తే ముడుచుకుంటుందని జేజికి తెలుసు. అది ఊళ్ళో నీళ్ళు తోడే ప్రతి ఆడమనిషికీ తెలుసు. కానీ ఎంత ముడుచుకుంటుందో కూడా తెలుసా? రేగడికీ గరుసుకూ ఉన్న తేడాకు ఐదంగలు సరిపోతాయని ముందే ఎక్కడన్నా రాయి కట్టి, గీత గీసి చూసుకుందా? తెలియదు, ఊరికే నానేసి ఉంటుంది అంటుంది చెల్లెలు. చూసుకునే ఉంటుంది అంటాను నేను. గొడ్ల పాకలో నా బొగ్గు గీతలను చూసినప్పుడు ఆమె అది ఏమిటని అడగలేదు. కనుక్కున్నావా అని అడిగింది.